గూడు చూపించడమే నా తప్పా?

ఈసారి ఎంచుకున్న ఉత్తరం చాలా పెద్దది. రాసినవారి కోరిక మేరకు పేరు, ఊరు, ఆనవాలు పట్టగలిగే ఇతర వివరాలు తొలగించి సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. ఆరేళ్ల క్రితం తల్లి చనిపోయిన తర్వాత నిద్ర పట్టక, తెల్లవారుజామునే లేచి ఊరి చివరి చెరువు గట్టు మీద నడవడం అలవాటు చేసుకున్నారు. ఒంటరిగా వెళ్లడం మంచిది కాదని ఒక స్నేహితురాలు మొదటి ఏడాదంతా ఆమెకు తోడు నడిచారు. ఆ నడకలోనే ఒక ఉదయం ఎండుకొమ్మ మీద కూర్చున్న లకుముకిపిట్ట నీటిలోకి దూకి చేపతో పైకి రావడం ఇద్దరూ చూశారు. అప్పటినుంచి ఈమెకు పక్షులే ధ్యాస అయ్యాయి. బైనాక్యులర్ కొనుక్కున్నారు. ఏ రోజు, ఏ వేళకు, ఏ పక్షి ఎన్ని కనిపించింది, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, మబ్బా ఎండా అని రాసుకుంటూ ఇప్పటికి ఐదు నోటు పుస్తకాలు నింపారు. పదేళ్ల కూతురు కూడా సెలవు రోజుల్లో వెంట వస్తుంది.

ఈ ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గిన చోట, గులకరాళ్ల మధ్య, తీతువు పిట్ట పెట్టిన నాలుగు గుడ్లు ఆమె కంట పడ్డాయి. ఆ సంతోషంలో స్నేహితురాలిని పిలిచి చూపించారు. కొత్తగా కెమెరా కొనుక్కున్న ఆ స్నేహితురాలు ఫోటోలు తీసి, ఆ సాయంత్రమే చెరువు పేరుతో సహా ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టారు. తర్వాతి ఆదివారం ఈమె వెళ్లేసరికి గూటి చుట్టూ 11 మంది ఉన్నారు, ఇద్దరు నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు, పిట్టలు రెండూ నెత్తి మీద తిరుగుతూ ఆగకుండా అరుస్తున్నాయి. ఆమె నోరు విప్పలేక వెనక్కి వచ్చేశారు. రెండు రోజుల తర్వాత చూస్తే గుంటలో గుడ్లు లేవు. పిట్టలు చెరువు అవతలి ఒడ్డున, ఏమీ జరగనట్టు, మౌనంగా మేస్తున్నాయి.

ఆ తర్వాత ఆమె చెరువుకు వెళ్లలేదు. స్నేహితురాలి ఫోన్ ఎత్తడం లేదు. కూతురికి ఏమీ చెప్పలేదు. “పిట్ట గుడ్ల కోసం ఇంత దిగులా” అని భర్త అంటున్నారు. ఇదిలా ఉండగా, చెరువు చుట్టూ సిమెంటు నడకదారి వేసి దీపాలు పెట్టే ప్రతిపాదన వచ్చింది. పక్షి పరిశీలకుల బృందం ఒకటి అభ్యంతరం తెలపబోతూ ఆమె నోటు పుస్తకాలు అడిగింది. వాటిని ఇస్తే మళ్లీ జనం వస్తారని ఆమె భయం. గూడు పోవడానికి కారణం నేనేనా, స్నేహితురాలిని క్షమించాలా, పుస్తకాలు ఇవ్వాలా, అసలు మళ్లీ బైనాక్యులర్ పట్టుకునే అర్హత నాకుందా అని ఆమె అడుగుతున్నారు.

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తోచింది ఏమిటంటే, మొదటి ప్రశ్నకు మీరే ఒక జవాబు చెప్పేసుకుని, ఆ జవాబుతోనే మిగిలిన మూడింటినీ తేల్చేస్తున్నారు. తప్పు నాది కాబట్టి స్నేహితురాలి ముఖం చూడలేను, తప్పు నాది కాబట్టి చెరువు గురించి మాట్లాడే హక్కు నాకు లేదు, తప్పు నాది కాబట్టి ఇక పక్షుల జోలికి పోకూడదు అనుకుంటున్నారు. ఒక గూటి విషయంలో జరిగిన పొరపాటు ఒక స్నేహాన్నీ, ఒక చెరువునూ, మీ పాప ఆదివారాలనూ శాసించడం నాకు సబబుగా అనిపించడం లేదు. అందుకని వీటిని విడివిడిగా చూద్దాం.

ముందు గూటి సంగతి. తీతువు చెట్టెక్కి గూడు కట్టే పిట్ట కాదని మీకు తెలుసు. ఆరుబయట నేల మీద చిన్న గుంట, దాని చుట్టూ నాలుగు రాళ్లు, అంతే. గుడ్ల మీది మచ్చలు నేల రంగులో కలిసిపోవడమే వాటికి ఉన్న రక్షణ. పొదగడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. ఎండ మండిపోయే రోజుల్లో గుడ్లకు కావలసింది వేడి కాదు, నీడ. తల్లో తండ్రో వాటి మీద గొడుగులా నిలబడుతుంది, నీటిలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి దగ్గరకు వస్తే అది గుడ్ల మీదనుంచి లేచిపోయి, దూరంగా అరుస్తూ మన చూపును తన వైపు తిప్పుకోవాలని చూస్తుంది. అంటే మనం అక్కడ ఉన్నంతసేపూ గుడ్లు ఎండకు వదిలేసినట్టే. పైగా మనుషులు ఎక్కడ గుమిగూడారో కాకులు కనిపెడుతూనే ఉంటాయి.

గుడ్లు పిల్లలై ఉండవచ్చు కదా అని ఎవరైనా మిమ్మల్ని ఓదార్చి ఉంటే, ఆ మాటలో కొంత నిజం ఉంది. తీతువు పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే గుంట వదిలి నడుస్తాయి కాబట్టి ఖాళీ గుంట కనిపించినంత మాత్రాన గూడు పాడైందని చెప్పలేం. మీరు చూసేనాటికే నాలుగు గుడ్లూ ఉన్నాయి గనుక అప్పటికి ఎన్నాళ్లు పొదిగాయో కూడా మనకు తెలియదు. అయితే మీరే రాసిన ఒక్క మాట ఆ ఆశను చాలావరకు తుడిచేస్తోంది. పిట్టలు మౌనంగా ఉన్నాయని రాశారు. పిల్లలున్న తీతువు మౌనంగా ఉండదు. గట్టు మీద మీ నీడ పడగానే చెరువంతా ఎగిరి గోల చేస్తుంది. కాబట్టి గుడ్లు పోయాయనే అనుకుందాం. మీకు అబద్ధపు ఊరట ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఎవరి వల్ల పోయాయన్నది వేరే లెక్క. నేల మీద పెట్టిన గూళ్లు మనుషులెవరూ రాకపోయినా చాలా పోతుంటాయి. కాకి, పాము, ముంగిస, మేతకొచ్చిన పశువు గిట్ట, అకాల వాన, ఏదైనా కారణం కావచ్చు. ఆదివారం జనం రావడం ఆ ప్రమాదాన్ని పెంచిందని మాత్రం తప్పకుండా చెప్పవచ్చు. అందులో మీ వంతు ఏమిటంటే, “ఈ చోటు ఎవరికీ చెప్పవద్దు” అనే ఒక్క మాట మీరు అనలేదు. చెరువు పేరు పెట్టడం మీ స్నేహితురాలి వంతు. నెత్తి మీద పిట్టలు అరుస్తున్నా అక్కడినుంచి కదలకపోవడం ఆ 11 మంది వంతు, నా దృష్టిలో అందరికంటే పెద్ద వంతు వారిదే. ఎందుకంటే మీ ఇద్దరికీ లేని సమాచారం వారికి ఉంది, ఆ అరుపు వారి చెవుల్లోనే పడుతోంది. మీ వంతు చిన్నదే అయినా సున్నా కాదని మీరు అనుకుంటున్నది సరైనదే, దాన్ని సున్నా చేయడానికి నేను ప్రయత్నించను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఎన్నో ఏళ్ల క్రితం ఒక పొదలో పికిలిపిట్ట గూడు ఉంటే, చుట్టాల పిల్లలకు చూపించాలని ఆకులు పక్కకు తీసి పట్టుకున్నాను. మళ్లీ సర్దాననే అనుకున్నాను. మర్నాటికి గూడు ఖాళీ. ఆ రోజు నుంచి గూడు చూపించమని ఎవరడిగినా, పిట్ట మేత తీసుకొని వెళ్లే దారిని మాత్రం దూరం నుంచి చూపిస్తున్నాను. అడిగినవారు కొందరు చిన్నబుచ్చుకుంటారు.

స్నేహితురాలి విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పుడున్నట్టే మౌనంగా ఉండిపోవచ్చు. అప్పుడు ఆమెకు తాను చేసింది ఏమిటో ఎన్నటికీ తెలియదు. ఉత్తరాన్ని బట్టి చూస్తే గుడ్లు పోయాయని కూడా ఆమెకు తెలిసినట్టు లేదు. వచ్చే ఏడాది మరో గూడు ఫోటో మరో చోటు పేరుతో వస్తుంది, మీ మౌనం దాన్ని ఆపలేదు. రెండోది, కోపంగా నిలదీయడం. ఆమె ఫోటో తీసేస్తారు, బహుశా కెమెరా కూడా పక్కన పడేస్తారు, మీరు తల్లిని పోగొట్టుకున్న ఏడాది చీకట్లో మీ పక్కన నడిచిన మనిషి మీకు దూరమవుతారు. మూడోది కాస్త కష్టం. ఎదురుగా కూర్చుని, ఆదివారం ఏం చూశారో, మంగళవారం ఏం చూశారో వరుసగా చెప్పండి. నేను నిన్ను హెచ్చరించకపోవడం నా పొరపాటు అని మీ వంతు ముందుగా ఒప్పుకోండి. ఆ తర్వాత చోటు పేరు తీసేయమని అడగండి. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో చోటు వివరం దానంతట అదే నమోదై ఉండే అవకాశం ఉందనీ, వెనక కనిపించే గుడిగోపురమో నీళ్ల ట్యాంకో కూడా చోటును పట్టిస్తుందనీ ఆమెకు తెలియకపోవచ్చు, అదీ చెప్పండి. ఆమె నొచ్చుకోవచ్చు, “నాకెందుకు ముందే చెప్పలేదు” అని ఎదురు అడగవచ్చు. అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. క్షమించాలా అని మీరు అడిగారు గానీ, తాను ఏం చేసిందో తెలియని మనిషిని క్షమించడం ఎలాగో నాకు తెలియదు. ముందు తెలియనివ్వండి.

నోటు పుస్తకాల విషయం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దానికి గడువు ఉంది. నడకదారి వేసిన తర్వాత, వేయకముందు ఆ చెరువు ఎలా ఉండేదో ఎవరూ వెనక్కి వెళ్లి లెక్కపెట్టలేరు. ఆరేళ్లుగా ఏ నెలలో నీళ్లు ఎంతవరకు తగ్గాయి, బయటపడిన బురదలో ఉల్లంకి పిట్టలు ఎన్ని దిగాయి, ఎప్పుడు వెళ్లిపోయాయి అనేది రాసి పెట్టినవారు, మీ ఉత్తరాన్ని బట్టి, మీరు ఒక్కరే. మీరు పుస్తకాలు బీరువాలో పెట్టేస్తే, అక్కడ మామూలు పిట్టలు తప్ప ఏమీ లేవు అనే మాటకు ఎదురు చెప్పడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు.

మామూలు పిట్టలు అనే మాటను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఉత్తర అమెరికాలో ఒకప్పుడు ఆకాశాన్ని కప్పేసినంతగా ఉన్న పాసెంజర్ పావురాల్లో చిట్టచివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. అదే ఖండంలో 1970 తర్వాత దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టినప్పుడు, ఆ నష్టంలో పెద్ద భాగం పిచ్చుకల వంటి సాధారణ జాతులదేనని తేలింది. ఆ లెక్కకు ఆధారాల్లో ముఖ్యమైనవి మీవంటి వారు ఏళ్ల తరబడి రాసి పంపిన జాబితాలే. వాటిలో ఒకటైన క్రిస్మస్ పక్షుల గణన 1900లో మొదలైంది. పండుగ రోజున జట్లుగా విడిపోయి ఎవరు ఎక్కువ పక్షులను కాల్చారో చూసే పోటీకి బదులు, కాల్చకుండా లెక్కపెడదామని ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త సూచించారు. మొదటి ఏడాది పాల్గొన్నది 27 మంది.

మీకు ప్రత్యేకంగా చెప్పాలనుకున్న సంగతి మరొకటి ఉంది. ఒకప్పుడు బ్రిటన్‌లో పక్షుల గుడ్లు సేకరించడం గౌరవమైన వ్యాపకంగా సాగింది. గూళ్లలోంచి గుడ్లు ఎత్తుకెళ్లి, సొన తీసేసి, డొల్లలను సొరుగుల్లో వరుసగా పేర్చి, ఒక్కోదానికి తేదీ, చోటు రాసి పెట్టేవారు. పక్షులకు అది చేసిన కీడు తక్కువది కాదు, 1954 చట్టంతో అది నేరమైంది. 1960ల్లో పెరెగ్రిన్ డేగల గూళ్లలో గుడ్లు పగిలిపోతుంటే, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త ఆ పాత సొరుగుల దగ్గరికే వెళ్లి డొల్లల బరువు తూచారు. 1940ల చివరి నుంచి డొల్లలు పలచబడ్డాయని 1967లో ప్రకటించారు. డీడీటీ వంటి పురుగుమందుల వల్ల జరుగుతున్న హాని ఆ తూకంతో కళ్లకు కట్టింది. గుడ్లు ఎత్తుకెళ్లినవారు చేసినది దీనివల్ల మంచిపని అయిపోలేదు. కానీ తేదీ, చోటు రాసి ఉంచిన ఆ చీటీలు లేకపోతే, ఎప్పటినుంచి పలచబడ్డాయో చెప్పే దారి ఉండేది కాదు. మీరు గూళ్లు దోచినవారు కారు. మీ చీటీలను దాచేయడానికి మీకున్న కారణం వారికంటే చాలా చిన్నది.

అలాగని పుస్తకాలు ఉన్నవి ఉన్నట్టు ఎవరి చేతిలోనో పెట్టేయమని కూడా నేను చెప్పను, మీ భయంలో నిజం ఉంది. మీ పుస్తకాల్లో రెండు రకాల సమాచారం కలిసిపోయి ఉంది. ఈ చెరువులో ఈ రోజున ఈ పక్షులు ఇన్ని ఉన్నాయి అనేది ఒకటి, ఈ గట్టు పక్క ఈ రాయి దగ్గర గూడు ఉంది అనేది మరొకటి. అభ్యంతర పత్రానికి మొదటిది కావాలి, రెండోదానిలో “చెరువు ఒడ్డున నేల మీద గూడు పెట్టే పక్షులు ఉన్నాయి” అన్నంత వరకు చాలు. కాబట్టి మీరే కూర్చుని ఒక నకలు తయారు చేయండి. గూళ్ల చోట్లు తీసేయండి, లేదా ఈ ఏడాది పిల్లలు ఎగిరిపోయే కాలం దాటాక ఇస్తానని చెప్పండి. అసలు పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకోండి. నకలు ఎవరెవరు చూస్తారో బృందాన్ని రాతపూర్వకంగా అడగండి. ఆ ప్రశ్నకు వారు చిరాకు పడితే ఇవ్వాలా వద్దా అని మరోసారి ఆలోచించుకోవచ్చు.

ఎవరు ఏ పక్షిని ఎక్కడ చూశారో ఆన్‌లైన్‌లో నమోదు చేసే, 2002 నుంచి నడుస్తున్న ఈబర్డ్ వంటి బహిరంగ నమోదులో చేర్చమని వారు అడిగితే, అక్కడ కొన్ని జాగ్రత్తలు ముందే ఉన్నాయి. ముప్పు ఉన్న కొన్ని జాతులను ఎక్కడ చూశామో కచ్చితమైన చోటు బయటివారికి కనిపించకుండా, 20 కిలోమీటర్ల పక్కలున్న చదరం వరకే చూపిస్తారు. జాబితాను అందరికీ కనిపించకుండా ఉంచుకునే వీలు కూడా ఉంది. అయితే తీతువు వంటి మామూలు పిట్టకు ఆ మొదటి రక్షణ వర్తించదు కాబట్టి, గూటి మాట రాయకపోవడమో ఆలస్యంగా రాయడమో మీ చేతిలోనే ఉంటుంది.

ఇవన్నీ ఇచ్చాక నడకదారి ఆగుతుందా అంటే, ఆగకపోవచ్చు. మీ లెక్కలతో దక్కేది గూళ్ల కాలంలో పని ఆపడం, ఒక ఒడ్డును సిమెంటు లేకుండా మట్టిగానే వదిలేయడం, ఆ ఒడ్డు మీద దీపాలు పెట్టకపోవడం వంటిది కావచ్చు. తీతువుకు కావలసింది కూడా ఇంచుమించు అదే. ఇవ్వకపోతే మీకు ఇబ్బంది ఏమీ ఉండదు, జనం కూడా రారు, దారి మాత్రం గీసిన గీత ప్రకారం పడుతుంది. ఇందులో ఏది ఎంచుకున్నా మీ పొరపాటుకు శిక్షగా మాత్రం ఎంచుకోకండి.

మీవారి మాట గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆరేళ్లుగా ఆ చెరువు మీకు ఏమిచ్చిందో ఆయనకు ఎప్పుడైనా చెప్పారా అన్నది మాత్రం ఉత్తరంలో లేదు. పాపకు మాత్రం చెప్పండి. ఆ గుడ్లు ఏమయ్యాయని తను ఎప్పటికైనా అడుగుతుంది. మీరు చోటు చెప్పారనీ, జనం వచ్చారనీ, గుడ్లు పోయాయనీ, మీకు బాధగా ఉందనీ చెబితే పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. చెప్పకుండా చెరువు మానేస్తే, తను ఏం తప్పు చేసిందో అని ఆలోచిస్తూ ఉండిపోతుంది.

ఇక మీ అర్హత మాట. మనం చూడటం వల్ల పక్షికి ఎంతో కొంత ఖర్చు అవుతుంది. దాన్ని పూర్తిగా లేకుండా చేయాలంటే ఇంట్లో కూర్చోవాలి, అప్పుడు చెరువును చూసే కళ్లు కూడా ఉండవు. ఆ ఖర్చు ఎంతో పక్షే చెబుతుంది. మేత ఆపి మెడ నిక్కించిందంటే మీరు వచ్చారని దానికి తెలిసింది, నడిచి పక్కకు తప్పుకుందంటే దగ్గరకు వచ్చేశారు, అరుస్తూ నెత్తి మీదికి వచ్చిందంటే అక్కడ గుడ్లో పిల్లలో ఉన్నాయి, మీరు వెంటనే వెనుదిరగాలి. సూటిగా దాని మీదికి నడవకుండా పక్కగా నడవడం, ఒకచోట కూర్చుని అదే దగ్గరకు రానివ్వడం, పిలుపు రికార్డు చేసి వినిపించి రప్పించకపోవడం మీరు ఇప్పటికే పాటిస్తుంటారు. ఇకమీదట వచ్చిన మనిషికి కూడా ఈ లెక్క చెప్పాల్సి ఉంటుంది. ఆ ఆదివారం మీరు నోరు విప్పలేకపోయారు. “పిట్ట దిగలేకపోతోంది, కాస్త వెనక్కి వద్దామా” అనే ఒక్క వాక్యం ముందే కూడబలుక్కుని ఉంచుకుంటే, రెండోసారి ఆ మాట నోటికి తేలిగ్గానే వస్తుంది.

మరో సంగతి. తొలి గుడ్లు పోయిన తీతువు జంట అదే కాలంలో మళ్లీ గుడ్లు పెట్టడం తరచుగా జరిగేదే. అవతలి ఒడ్డున మీరు చూసినవి ఆ జంటే అయితే, ఈపాటికి కొత్త గుంట ఒకటి ఉండవచ్చు. దాన్ని వెతకవద్దు. పాపను తీసుకుని ఎండ ఎక్కకముందే వెళ్లి, ఇవతలి గట్టు మీదనుంచి చూడండి. ఏదో ఒక చోట అది లేచి అరుస్తుంది. అప్పుడు ఆగి, అది మళ్లీ వెళ్లి కూర్చునేదాకా వెనక్కి నడుస్తూ, ఎన్ని అడుగులు పట్టిందో పాపను లెక్కపెట్టమనండి. నీటి మట్టం, మబ్బు, ఎండ అన్నీ రాసుకున్నారు గానీ, పిట్టకూ మీకూ మధ్య ఎంత దూరం ఉందో రాసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆరో పుస్తకంలో దానికొక గడి గీయండి.